టోపీకి 80 రూపాయలు ఇస్తామంటే ఒప్పుకోవాలా? పిల్లల టోపీలు, ఊలు పువ్వులు అల్లి అమ్మాలనుకునేవారికి

పరకాల నుంచి ఒక చెల్లెలు ఇలా అడిగారు: "యూట్యూబ్ చూసి క్రోషియా, అంటే ఒకే కొక్కెం సూదితో (హుక్‌తో) అల్లడం, నేర్చుకున్నాను. చిన్నపిల్లల టోపీలు, ఊలు పువ్వుల బొకేలు, గుమ్మానికి తోరణాలు చేస్తున్నాను. ఒక బట్టల షాపాయన టోపీకి 80 రూపాయలు ఇస్తాను, నెలకు యాభై ఇవ్వమంటున్నారు. ఒప్పుకోవాలా? ఏ ఊలు వాడితే మంచిది? గిరాకీ టోపీలకు ఎక్కువా, పువ్వులకా?"

చెల్లెమ్మా, ఆ రేటుకు ఒప్పుకోవద్దు. షాపాయన మోసం చేస్తున్నారని కాదు. తనకు మిషన్ టోపీ ఎంతకు వస్తుందో ఆ లెక్కలో అడిగారు. మీరు మీ లెక్కలో జవాబు చెప్పాలి.

నేను హనుమకొండలో చాలాకాలంగా ఈ పని చేస్తున్నాను, చుట్టుపక్కల ఆడవాళ్లకు నేర్పిస్తున్నాను. చెయ్యి ఎంతో నీట్‌గా ఉండి కూడా మధ్యలో మానేసినవాళ్లను చూశాను. పని రాక కాదు, పనిని కొలుచుకోక మానేశారు. టోపీకి ఎన్ని గ్రాముల ఊలు పట్టింది, ఎన్ని గంటలు కూర్చున్నారు, అది ఎంత తలకు సరిపోతుంది అని అడిగితే చెప్పలేరు. వంటింటి డిజిటల్ కాటా, టైలర్ టేపు, ఒక నోట్‌బుక్ ముందు దగ్గర పెట్టుకోండి. రంగురంగుల ఊలు ఉండలు తర్వాత కొనుక్కోవచ్చు.

మీ టోపీనే తీసుకుందాం. ఏడాది లోపు బిడ్డకు టోపీ అంటే సుమారు 40 గ్రాముల ఊలు పడుతుంది. 100 గ్రాములు 120 రూపాయలు అనుకుంటే ఊలు ఖర్చు 48. కవరు, లేబుల్ కలిపి 8 వేద్దాం. అల్లడం, దారం కొసలు దాచడం, పువ్వు కుట్టడం కలిపి రెండున్నర గంటలు అనుకుందాం. 80లో 56 పోతే మిగిలేది 24 రూపాయలు. గంటకు పది రూపాయలు కూడా పడదు! పత్తి ఏరడానికి పోయినా ఇంతకంటే ఎక్కువే వస్తుంది. పైగా నెలకు యాభై టోపీలంటే 125 గంటలు. ఇంటి పని, పిల్లల పని చేసుకుంటూ అన్ని గంటలు తీస్తే ఇక సొంత ఆర్డర్లకు టైం ఉండదు.

కాబట్టి మీ గంటకు ముందు మీరే ఒక ధర పెట్టుకోండి. కొత్తలో 60 రూపాయలు పెట్టుకున్నా పై టోపీకి 150 అవుతుంది, ఖర్చు 56 కలిపితే 206. షాపుకు 210 కంటే తగ్గకూడదు. మీరే నేరుగా అమ్మేటప్పుడు 300 చెప్పండి. ఫొటోలు తీయడం, ఫోన్లో బేరం మాట్లాడటం, పార్సిల్ కట్టడం కూడా గంటలే కదా. షాపుకు ఇచ్చే రేటునే ఇంటి దగ్గర కూడా చెప్తే ఆ షాపాయన మళ్లీ మీ సరుకు పెట్టరు. 210 ఆయనకు గిట్టుబాటు కాదంటే ఆ షాపు మీ సరుకుకు తగింది కాదనుకోండి. లేదా ఇంతకంటే తక్కువ టైంలో అయ్యే చిన్న సరుకు చూపించండి, జడ క్లిప్పులు, హెయిర్ బ్యాండ్‌లు లాంటివి. వాటికి షాపు రేటు సరిపోతుంది.

ఈ విషయంలో ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పశ్చిమ గోదావరి నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు నూరేళ్లకు పైగా క్రోషియా లేసు అల్లుతున్నారు. వాళ్ల లేసు విదేశాలకు పోయింది, 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. కానీ ఏజెంట్ దారం ఇచ్చి, పీసుకింత అని కట్టి తీసుకుపోయే పద్ధతిలో అల్లినవాళ్లకు మిగిలింది చాలా తక్కువ. అంత గొప్ప పనితనానికే ఆ గతి పట్టింది. గంటకు ఎంత పడుతుందో చూసుకోకుండా పీసు రేటుకు తల ఊపకండి. క్రోషియా అల్లికను మిషన్ మీద పూర్తిగా తీయడం కుదరదు. షాపుల్లో వేలాడే మిషన్ టోపీలన్నీ నిట్టింగ్ అనే వేరే రకం అల్లిక. మీ టోపీని వాటి పక్కన పెట్టి రేటు కట్టడమే తప్పు.

ఇక టోపీ కొలత. కొత్తవాళ్లు "0–6 నెలలు", "1–2 ఏళ్లు" అని వయసు చూసి అల్లేస్తారు. వయసు రాయండి, కానీ అల్లేది తల చుట్టుకొలతకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల్లో సగటు తల చుట్టుకొలత పుట్టినప్పుడు 34 సెంటీమీటర్ల చుట్టుపక్కల, ఆరు నెలలకు 42–43, ఏడాదికి 45–46, రెండేళ్లకు 47–48 ఉంటుంది. అంటే మొదటి ఆరు నెలల్లో ఎనిమిది సెంటీమీటర్లు పెరిగిన తల, రెండో ఏడాది మొత్తం మీద రెండే పెరుగుతుంది. పుట్టిన బిడ్డ టోపీ కొన్ని వారాలకే బిగుతవుతుంది, ఏడాది పిల్ల టోపీ మరుసటి చలికాలం కూడా పనికొస్తుంది. అందుకే పుట్టిన బిడ్డ సైజు ఎక్కువ స్టాకు పెట్టకండి, ఆర్డర్ వస్తేనే చేయండి. ఏడాది, రెండేళ్ల సైజులు మాత్రం ఎప్పుడూ చేతిలో ఉండాలి. "మళ్లీ ఏడాది కూడా వేసుకుంటుంది" అని తల్లికి ధైర్యంగా చెప్పగలిగే సైజులవి.

టోపీ చుట్టుకొలత తల కంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి, అప్పుడే సాగి తలను పట్టుకుంటుంది. ఆరు నెలల బిడ్డ తల 43 అయితే టోపీ 40–41 చాలు. ఆ సంఖ్యను 3.14తో భాగిస్తే టోపీ నడినెత్తిన వచ్చే గుండ్రటి బిళ్ల ఎంత వెడల్పు రావాలో వస్తుంది, ఇక్కడ 13 సెంటీమీటర్లు. మ్యాజిక్ రింగ్‌తో (లాగితే బిగిసే దారం ఉచ్చుతో) మొదలుపెట్టి, డబుల్ క్రోషే (పొడుగు కుట్టు) అయితే 12 కుట్లు వేసి, ప్రతి వరసకు 12 పెంచుకుంటూ పోండి. సింగిల్ క్రోషే (పొట్టి కుట్టు) అయితే ఆరుతో మొదలుపెట్టి ఆరు చొప్పున పెంచండి. బిళ్ల 13 సెంటీమీటర్లకు రాగానే పెంచడం ఆపి, నేరుగా కిందికి అల్లండి. బిళ్ల అంచు ముడతలు పడితే పెంచింది ఎక్కువ, గిన్నెలా ముడుచుకుంటే తక్కువ. లోతు పుట్టిన బిడ్డకు 13–14, ఆరు నెలలకు 16–17, ఏడాదికి 18, రెండు మూడేళ్లకు 20 సెంటీమీటర్లు సరిపోతుంది.

ఇవన్నీ అమెరికా పేర్లు. అమెరికా వీడియోల్లో సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటన్ పుస్తకాల్లో డబుల్ క్రోషే అంటారు. వీడియో చూసి, ప్యాటర్న్ ఇంకోచోట చదివి కలిపితే టోపీ లోతు అంతా తారుమారవుతుంది. ఏ దేశం పేర్లో ముందు చూసుకోండి.

ఊలు దగ్గర తొందరపడకండి. మన దగ్గర దొరికే ఊలులో ఎక్కువ భాగం యాక్రిలిక్. మెత్తగా ఉంటుంది, సాగి మళ్లీ దగ్గరికి వస్తుంది, ఉతికితే త్వరగా ఆరుతుంది. కానీ చెమట పీల్చదు. వరంగల్‌లో ఎండాకాలం 42 డిగ్రీలు దాటుతుంది, ఆ ఎండల్లో యాక్రిలిక్ టోపీ బిడ్డ తలకు వేయకూడదు. అమ్మేటప్పుడే చలికాలానికి మాత్రమే అని చెప్పండి. మిల్క్ కాటన్ అని ఒక రకం దారం అమ్ముతారు, పేరు చూసి అంతా పత్తి అనుకుంటారు. పేరులో కాటన్ ఉన్నా చాలావాటిలో యాక్రిలిక్ కలుస్తుంది. లేబుల్ లేకుండా లూజుగా అమ్మే ఊలు కొంటే చిన్న ముక్క కాల్చి చూడండి. పత్తి కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది. యాక్రిలిక్ కరిగి నల్లటి గట్టి గుళికలా మిగులుతుంది. అసలు కాటన్ దారం చల్లగా ఉంటుంది కానీ సాగదు, వాడేకొద్దీ వదులవుతుంది. దాంతో అల్లితే అంచు చుట్టుకొలతను ఇంకో సెంటీమీటరు తగ్గించండి.

ఎరుపు, తెలుపు కలిపి అల్లే ముందు ఎర్ర దారాన్ని తడి తెల్లగుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచండి. గుడ్డకు రంగు అంటితే ఆ దారం పిల్లల సరుకుకు వద్దు. పసిబిడ్డ ఆ అంచును నోట్లో పెట్టుకుంటుంది. ఇస్త్రీ సంగతి కూడా చెప్పాలి. కాటన్ మీద ఆవిరి పడితే చక్కగా కుదురుకుంటుంది. యాక్రిలిక్ మీద వేడి ఇస్త్రీ పెడితే సాగే గుణం పోయి వేలాడిపోతుంది, మళ్లీ బాగుపడదు.

మూడేళ్లలోపు పిల్లల టోపీకి బటన్లు, ముత్యాలు, జిగురుతో అంటించిన కళ్లు పెట్టకండి. ఊడితే గొంతులో పడతాయి. కళ్లు, ముక్కు దారంతోనే కుట్టండి. పువ్వును నాలుగు చోట్ల మాత్రమే కాదు, చుట్టూ కుట్టి, గట్టిగా లాగి చూసి పంపండి. గడ్డం కింద ముడివేసే తాళ్లు అందంగా ఉంటాయి, అడుగుతారు కూడా. కానీ అవి మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది, ఏడాది లోపు పిల్లలకు నేను పెట్టను. చెవులు కప్పాలంటే టోపీనే కిందికి దించి అల్లవచ్చు. ఇంట్లో పడుకున్న బిడ్డకు టోపీ తీసేయమని కార్డు మీద రాయండి. నిద్రలో ఒళ్లు వేడెక్కినా బిడ్డ చెప్పలేదు, టోపీ ముఖం మీదికి జారినా తీసుకోలేదు. అలా రాస్తే అమ్మకం తగ్గుతుందేమో అని కొందరు భయపడతారు. తల్లులు ఆ కార్డు చూసే నమ్ముతారు.

గిరాకీ ఎక్కడ అంటే, ఊలు టోపీలకు దీపావళి నుంచి సంక్రాంతి దాకానే సీజన్. వరంగల్ కంటే పైకి వెళ్లేకొద్దీ చలి ఎక్కువ. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలికాలం రాత్రుళ్లు 10 డిగ్రీల కంటే దిగుతుంది. మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్‌లో చుట్టాలో స్నేహితులో ఉంటే వాళ్ల ద్వారా అటు పంపే దారి చూడండి. సరుకు మాత్రం వానాకాలంలోనే అల్లి పెట్టుకోవాలి. చలి మొదలయ్యాక అల్లడం మొదలుపెడితే సంక్రాంతికి గానీ చేతికి రాదు.

ఇంకో గిరాకీ మన ప్రాంతంలోనే ఏడాది పొడవునా ఉంది, పెద్దగా ఎవరూ పట్టించుకోవడం లేదు. అది పుట్టు వెంట్రుకలు. వేములవాడ రాజన్న దగ్గరో, కొమురవెల్లి మల్లన్న దగ్గరో, యాదగిరిగుట్టలోనో పిల్లకు గుండు చేయిస్తారు. ఆ తర్వాత ఎండలో, బస్సులో ఆ లేత తలకు ఏదో ఒకటి కావాలి. మెత్తటి అసలు కాటన్‌తో, పెద్ద రంధ్రాలు లేకుండా, లోపల ముడి ఒక్కటి కూడా తగలకుండా పల్చటి టోపీ అల్లండి. గుండుకు గంధం, పసుపు రాస్తారు కాబట్టి తెలుపు వద్దు. పసుపు, క్రీమ్, లేత నారింజ రంగులైతే మరక కనిపించదు. కొలత కూడా గుండుకు కాస్త తగ్గుతుంది, అర సెంటీమీటరు తగ్గించండి. పత్రికలు పంచే టైంలోనే బంధువులు దీన్ని గిఫ్టుగా ఆర్డర్ చేస్తారు. తొట్టెల ఫంక్షన్‌కు టోపీ, సాక్సు, చిన్న పువ్వుల దండ కలిపి సెట్టుగా ఇస్తే టోపీ ఒక్కటి అమ్మినదానికంటే బాగా పోతుంది. హనుమకొండలో పసిపిల్లల ఫొటోలు తీసే స్టూడియోలతో కూడా మాట్లాడండి. వాళ్లకు రకరకాల టోపీలు అవసరం, పైగా రేటు దగ్గర బట్టల షాపులంత బేరం ఆడరు.

పువ్వుల విషయం వేరు. టోపీకి కొలత ముఖ్యం, పువ్వుకు చేతివేగం ముఖ్యం. ఒక్కో గులాబీని మొదటి నుంచి చివరిదాకా పూర్తి చేసి ఇంకోటి మొదలుపెడితే ఎప్పటికీ గిట్టదు. ఒక రోజు రేకుల పట్టీలన్నీ, మరో రోజు ఆకులన్నీ, ఆ తర్వాత కూర్చుని చుట్టడం, కుట్టడం, కాడకు టేపు చుట్టడం. ఒకే పని వరసగా చేస్తే చెయ్యి తనంతట తనే వేగం పుంజుకుంటుంది. పువ్వులకు హుక్ ఒక సైజు చిన్నది వాడండి. మిల్క్ కాటన్‌కు 2.5 మిల్లీమీటర్ల హుక్‌తో అల్లితే రేకులు నిలబడతాయి, పెద్ద హుక్‌తో వడలిపోయినట్టుంటాయి. దారం కొసలను విడిగా సూదితో దాచకుండా, తర్వాతి కుట్లు కొస మీదుగా వేసుకుంటూ పోండి. పూల పనిలో సగం టైం ఆ కొసలే తింటాయి.

తోరణాలకు బంతి అన్నింటికంటే లాభం. నలభై చైన్లు (గొలుసు కుట్లు) వేసి, ప్రతి చైన్‌లో మూడు డబుల్ క్రోషేలు వేస్తూ పోతే పట్టీ దానంతట అదే కుచ్చులుగా చుట్టుకుంటుంది. దాన్ని చుట్టి కింద కుడితే ముద్దబంతి తయారు. మధ్యలో మామిడాకులు ముదురు ఆకుపచ్చలో రెండు పొరలుగా అల్లండి, ఒక్క పొరయితే గాలికి మెలితిరిగిపోతాయి. ఆర్డర్ తీసుకునేటప్పుడు గుమ్మం వెడల్పు అంగుళాల్లో అడిగి రాసుకోండి. శ్రావణమాసం వ్రతాలకు, గృహప్రవేశాలకు తోరణాలు ఎక్కువగా పోతాయి.

బతుకమ్మ గురించి మాత్రం మనసులో మాట చెప్తాను. దూరదేశాల్లో ఉన్న మన పిల్లలు తంగేడు, గునుగు దొరకక ఊలు బతుకమ్మ అడుగుతారు. చేసి ఇవ్వండి, చాలా ముచ్చటైన పని. తంగేడుకు చిన్న అయిదు రేకుల పసుపు పువ్వు, గునుగుకు తెల్ల దారంతో సన్నటి గొట్టంలా అల్లి కొసన లేత గులాబీ, సీతజడకు ఇంతకుముందు చెప్పిన కుచ్చుల పట్టీనే ముదురు మెజెంటాలో ఇంకా దగ్గరగా. పళ్లెంలో పెట్టుకునేంత చిన్నవి, షెల్ఫులో పెట్టుకునేవి బాగుంటాయి. కానీ అది ఇంట్లో అలంకారానికే అని స్పష్టంగా చెప్పి అమ్మండి. బతుకమ్మ అంటే ఆ రోజు కోసిన పువ్వులు, ఆడి చెరువులో వదిలేది. యాక్రిలిక్ దారం నీళ్లలో కరగదు. వేయిస్తంభాల గుడి దగ్గర అంతమంది ఆడవాళ్లు ఆడుకుని నిమజ్జనం చేసే పువ్వుల మధ్య ప్లాస్టిక్ దారం పువ్వు ఒక్కటి కూడా నీళ్లలోకి పోకూడదని నా గట్టి అభిప్రాయం. ఎవరైనా చెరువులో వేయడానికి కావాలంటే ఆర్డర్ వద్దనండి. మీరు దారంతో అల్లిన తంగేడు, గునుగు పువ్వులతో జడ క్లిప్పులు, చిన్నపిల్లల హెయిర్ బ్యాండ్‌లు చేస్తే పెత్రమాస నుంచి సద్దుల బతుకమ్మ దాకా అవే ఎక్కువ అమ్ముడవుతాయి. వాటికి శ్రావణంలోనే కూర్చోవాలి.

అమ్మడానికి మొదట వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ చాలు. ఫొటో కిటికీ పక్కన పగటి వెలుతురులో తీయండి, ట్యూబ్‌లైట్ కింద రంగు మారిపోతుంది, ఆ రంగు గురించే తర్వాత గొడవ. టోపీని గాలి ఊదిన బెలూన్ మీద పెడితే ఆకారం తెలుస్తుంది. వేరేవాళ్ల బిడ్డ ఫొటో పెట్టేటప్పుడు తల్లిని అడగండి. పేరు అల్లడం, ప్రత్యేకమైన రంగు లాంటి ఆర్డర్లకు సగం అడ్వాన్సు లేకుండా హుక్ పట్టకండి. కార్టూన్ బొమ్మల టోపీలు అడుగుతారు, ఆ బొమ్మల మీద హక్కులు కంపెనీలవి కాబట్టి వాటి జోలికి పోవద్దు. కొన్న ప్యాటర్న్‌తో చేసినవి అమ్మవచ్చో లేదో ఆ ప్యాటర్న్‌లోనే రాసి ఉంటుంది, చదవండి.

కాగితాల సంగతి. మొదట్లోనే లోన్ తీసుకోకండి. ఈ పనికి పెట్టుబడి తక్కువ, అమ్ముడైన డబ్బుతోనే ఊలు కొనవచ్చు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వద్దు. తెలంగాణలో ఏడాదికి 20 లక్షల అమ్మకం దాటేదాకా మామూలుగా జీఎస్టీ అవసరం లేదు. 2023 అక్టోబర్ 1 నుంచి చిన్న అమ్మకందారులు ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని, జీఎస్టీ లేకుండానే తమ రాష్ట్రంలోపల ఆన్‌లైన్ ప్లాట్‌ఫారాల మీద అమ్మే వీలు వచ్చింది. చేతివృత్తులవారి కోసం ఉన్న కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో పేరు రాయించుకోమని చాలామంది చెప్తారు. అందులో ఉన్న 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది, బొమ్మలు చేసేవాళ్లు ఉన్నారు, క్రోషియా లేదు. మీరు తీసుకోవాల్సింది కేంద్ర జౌళి శాఖలో హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ ఇచ్చే పెహచాన్ కార్డు. హస్తకళల మేళాల్లో స్టాల్‌కు అప్లై చేయాలన్నా అదే అడుగుతారు.

ఆ కార్డు ఇంకో చోట తప్పనిసరిగా పనికొస్తుంది. టోపీలతో పాటు ఊలు కుందేళ్లు, ఎలుగుబంట్లు కూడా చేయాలని మీకు త్వరలోనే అనిపిస్తుంది, కస్టమర్లే అడుగుతారు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నాణ్యతా గుర్తు తప్పనిసరి. హస్తకళల కమిషనర్ దగ్గర రిజిస్టర్ అయిన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకు మాత్రం మినహాయింపు ఉంది. కార్డు చేతికి వచ్చాకే బొమ్మల ఆర్డర్ తీసుకోండి. అప్పటిదాకా టోపీలు, క్లిప్పులు, తోరణాలతోనే పని నడపండి, వాటికి ఈ నిబంధన వర్తించదు.